‘ఆధారం: గూగుల్’ అని రాస్తే ఒప్పుకోకండి

పాఠాలు చెప్పే టీచర్లకు, లెక్చరర్లకు, బడులూ కాలేజీలూ నడిపే పెద్దలకు

నమస్కారం.

నేను లైబ్రరీలో పనిచేస్తాను. ప్రాజెక్టు వర్కుల రోజులు వచ్చాయంటే విద్యార్థులు మా దగ్గరికి వస్తారు. పుస్తకాల కోసం కొందరు, కంప్యూటర్ల కోసం ఎక్కువమంది. వాళ్ళు చేసిన ఫైళ్ళు తిరగేయడం నాకు ఇష్టం. అట్ట మీద బొమ్మ, లోపల రంగు పెన్నులతో రాసిన హెడ్డింగులు, ఎంతో ఓపిగ్గా అతికించిన ఫొటోలు. ఆఖరి పేజీకి వచ్చేసరికి మాత్రం చాలా ఫైళ్ళలో ఒకే వాక్యం ఉంటుంది: ‘ఆధారాలు: గూగుల్, వికీపీడియా, యూట్యూబ్.’ దాని కింద టీచరు సంతకం, మార్కులు.

ఆ పేజీ గురించే ఈ ఉత్తరం. ఆ వాక్యం కింద ఇకమీదట సంతకం పెట్టవద్దని మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను.

మీకున్న పని నాకు తెలుసు. సిలబస్ పూర్తి కావాలి, పేపర్లు దిద్దాలి, రికార్డులు రాయాలి. వీటి మధ్య ఆఖరి పేజీలో ఏముందో చూసే తీరిక ఎవరికుంటుంది? కానీ అక్కడ పిల్లలకు ఏది అలవాటైతే అదే తర్వాత వాళ్ళ ఫోన్లలో కనిపిస్తుంది. ఎవరన్నారో తెలియని మాటను పదిమందికి పంపడం, ‘ఇది ఎక్కడిది?’ అని అడిగిన మనిషి మీద విరుచుకుపడటం. మొదటిది అజాగ్రత్త, రెండోది అమర్యాద అని మనం విడివిడిగా చెప్పుకుంటాం. నాకు రెండూ ఒక్క చోటే పుడుతున్నాయనిపిస్తుంది. చెప్పిన మాట ఎక్కడి నుంచి తెచ్చామో చెప్పడం మన బాధ్యత అని చిన్నప్పుడు నేర్చుకోని మనిషికి, పెద్దయ్యాక ఎవరైనా ఆ ప్రశ్న వేస్తే అవమానంలాగే వినిపిస్తుంది.

గూగుల్ ఎవరో రాసిన పేజీలను వెతికి మన ముందు పెడుతుంది. ఈమధ్య అన్నిటికన్నా పైన ఒక సారాంశం కూడా చూపిస్తోంది, అదీ ఇతరుల పేజీల నుంచి కూర్చినదే. యూట్యూబ్‌లో డాక్టరూ మాట్లాడతాడు, తెల్లకోటు వేసుకుని డాక్టరులా కనిపించేవాడూ మాట్లాడతాడు. కాబట్టి ‘గూగుల్’ అని రాసిన విద్యార్థి తాను ఏ దారిన వెళ్ళాడో చెప్పాడు తప్ప ఎవరి మాట విన్నాడో చెప్పలేదు. రాసింది ఎవరు, ఎప్పుడు, ఏ పేరుతో, ఏ సంస్థ తరఫున? ఈ నాలుగూ తెలిస్తే తప్ప ఆ సమాచారాన్ని ఎంతవరకు నమ్మాలో ఎవరమూ తేల్చలేం.

వికీపీడియా సంగతి కొంచెం వేరు. దాన్ని చూడొద్దని పిల్లలకు చెప్పే టీచర్లున్నారు. నేను అలా చెప్పను. 2001లో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో ఒక మంచి నియమం ఉంది: రాసినదానికి ఆధారం చూపాలి. వాక్యం చివర చిన్న అంకె ఉంటుంది, దాన్ని నొక్కితే ఆ మాట ఏ పుస్తకంలోదో, ఏ పత్రికలోదో, ఏ పరిశోధనలోదో కింద కనిపిస్తుంది. పిల్లలు చేరాల్సింది అక్కడికి. వికీపీడియా కూడా తనను తుది ఆధారంగా చూపవద్దనే చెబుతుంది. అది చదివి, కింద ఇచ్చిన మూలం తెరిచి, అక్కడ నిజంగా ఆ మాటే ఉందో లేదో చూసి, ఆ మూలం పేరు రాయాలి. చూస్తే పావుగంట పని. ఆ పావుగంటే చదువు.

దీనికి ఒక ఉదాహరణ మీ తరగతుల్లో చెప్పదగినది. 2009 మార్చిలో మోరిస్ జార్ అనే ఫ్రెంచ్ సంగీత దర్శకుడు చనిపోయారు. మూడు ఆస్కార్ అవార్డులు అందుకున్న మనిషి. ఆయన మరణవార్త వచ్చిన కొద్ది గంటల్లోనే ఐర్లండ్‌లో ఒక కాలేజీ విద్యార్థి వికీపీడియాలో ఆయన పేజీ తెరిచి, జీవితం గురించీ సంగీతం గురించీ ఆయన అన్నట్టుగా కొన్ని అందమైన వాక్యాలు సొంతంగా కల్పించి చేర్చాడు. విలేకరులు ఇంటర్నెట్‌ను ఎంత గుడ్డిగా నమ్ముతారో చూడాలన్నది అతని ఉద్దేశం. ఆధారం లేదని వికీపీడియా వాలంటీర్లు వాటిని తీసేశారు. అతను మళ్ళీ పెట్టాడు. ఈలోగా పేరున్న పత్రికలు తమ సంతాప వ్యాసాల్లో ఆ వాక్యాలను ఎత్తి రాసేశాయి, బ్రిటన్‌లోని గార్డియన్‌తో సహా. వారాలు గడిచినా ఎవరూ కనిపెట్టలేదు. చివరికి ఆ విద్యార్థే పత్రికలకు రాసి చెబితే తప్ప సవరణలు పడలేదు.

ఇందులో నేను పదే పదే తలుచుకునే విషయం ఒకటుంది. అబద్ధాన్ని ముందుగా పట్టుకున్నది జీతం లేకుండా పనిచేసే వాలంటీర్లు. వాళ్ళకు మోరిస్ జార్ గురించి పత్రికలవాళ్ళకన్నా ఎక్కువ తెలుసని కాదు. ‘ఆధారం ఏది?’ అని అడగడం వాళ్ళకు అలవాటు, అంతే. విలేకరులు ఆ రోజు ఆ ప్రశ్న వేసుకోలేదు. ఇంకో ప్రమాదమూ ఉంది. ఆ విద్యార్థి నోరు విప్పకపోయి ఉంటే ఎవరో ఒకరు పత్రికలో వచ్చిన ఆ వాక్యాన్నే తెచ్చి వికీపీడియాలో ఆధారంగా చూపించేవారు. కల్పించిన మాటకు తిరుగులేని రుజువు దొరికేది. ఇలా ఒకదాన్నొకటి చూపించుకుంటూ నిలబడ్డ అబద్ధాలు ఇంటర్నెట్‌లో చాలానే ఉన్నాయి. అందుకే ‘నాలుగు వెబ్‌సైట్లలో చూశాను సార్’ అని విద్యార్థి అన్నప్పుడు, ఆ నాలుగూ ఒక్క చోటి నుంచే కాపీ కొట్టాయా అని అడగాల్సి వస్తుంది.

మరి ఎలా పరిశీలించాలి? మనం సాధారణంగా పిల్లలకు పేజీని జాగ్రత్తగా చదవమంటాం. అక్షర దోషాలున్నాయా, చిరునామా ఉందా, డిజైన్ బాగుందా అని చూడమంటాం. ఆ సలహా పాతబడిపోయింది. 2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు పదిమంది చరిత్రకారులను, వార్తల్లో నిజానిజాలు సరిచూడటమే వృత్తిగా ఉన్న పదిమంది ఫ్యాక్ట్‌చెకర్లను, 25 మంది విద్యార్థులను కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. వాటిలో పిల్లల డాక్టర్ల సంఘాలు రెండున్నాయి. ఒకటి వేలమంది సభ్యులున్న పెద్ద సంస్థ, రెండోది దాని నుంచి విడిపోయిన చిన్న వర్గం. రెండు సైట్లూ చూడ్డానికి పద్ధతిగానే ఉన్నాయి. సగానికి పైగా విద్యార్థులు చిన్న వర్గం పేజీయే ఎక్కువ నమ్మదగినదని తేల్చారు. ఫ్యాక్ట్‌చెకర్లు మాత్రం పేజీ మీద అట్టే సేపు నిలవలేదు. వెంటనే కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్ళు ఏమంటున్నారో వెతికారు. తక్కువ సమయంలో సరైన జవాబు చెప్పారు. ఒక మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే అతన్నే అడగం కదా, నలుగురిని వాకబు చేస్తాం. వెబ్‌సైటుకూ అదే పద్ధతి.

ఫొటోల విషయం త్వరగా చెప్పి వదిలేస్తాను. వరద నీటిలో రోడ్డు మీద ఈదుతున్న సొరచేప ఫొటో మీరూ చూసే ఉంటారు. 2011 నుంచి ఏ పెద్ద తుపాను వచ్చినా అది మళ్ళీ బయటికొస్తుంది. దక్షిణాఫ్రికా సముద్రంలో ఒక ఫొటోగ్రాఫరు ఎప్పుడో తీసిన చిత్రం నుంచి ఆ చేపను కత్తిరించి అతికించారు. ఫొటోతోనే వెతికే సౌకర్యం గూగుల్‌లో 2011 నుంచే ఉంది. పిల్లలకు ఒక్కసారి చేసి చూపిస్తే చాలు, మర్చిపోరు.

ఇక మర్యాద దగ్గరికి వస్తాను. నేను ఎక్కువ బాధపడేది దీని గురించే.

2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ పరుగు ముగిసే చోట బాంబులు పేలాయి. ముగ్గురు చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. అనుమానితుల ఫొటోలను అధికారులు విడుదల చేశారు. రెడిట్ అనే చర్చా వెబ్‌సైటులో, ట్విట్టర్‌లో వేలమంది తామే పట్టుకుంటామని ఆ ఫొటోల మీద పడ్డారు. అప్పటికి నెల రోజులుగా కనిపించకుండా పోయిన ఒక విద్యార్థి పోలికలు అందులో ఉన్నాయని ఎవరో అన్నారు. ఆ పేరు రాత్రికి రాత్రే పాకిపోయింది. కొడుకు కోసం వెతుకుతూ ఆ కుటుంబం ఫేస్‌బుక్‌లో ఒక పేజీ పెట్టుకుని ఉంది. దాని నిండా తిట్లు, శాపనార్థాలు. తట్టుకోలేక వాళ్ళు ఆ పేజీని తాత్కాలికంగా తీసేయాల్సి వచ్చింది. తెల్లారేసరికి అసలు నిందితులు వేరని తేలింది. కొద్ది రోజులకు ఆ విద్యార్థి మృతదేహం నదిలో దొరికింది. పేలుళ్ళతో అతనికి ఏ సంబంధమూ లేదు. రెడిట్ నిర్వాహకులు బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

ఆ రాత్రి ఆ పేరు పంచినవాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళు కాదని నేను నమ్ముతాను. బాధితుల మీద జాలితోనే, న్యాయం జరగాలన్న తపనతోనే పంచి ఉంటారు. కానీ ‘ఈ పేరు ముందుగా ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు’ అని ఒక్క నిమిషం ఆగి అడిగినవాళ్ళు తక్కువ. అడిగినవాళ్ళ గొంతు ఆ హోరులో వినిపించలేదు. కొడుకు కోసం కుమిలిపోతున్న తల్లిదండ్రులకు జరిగిన ఆ అమర్యాద ఆధారం అడగకపోవడం వల్ల వచ్చింది. మర్యాద అంటే మాటకు ముందు ‘దయచేసి’ చేర్చడమే అనుకుంటే ఇది అర్థం కాదు. నిర్ధారించుకోకుండా మనిషి పేరు ఎత్తకపోవడం మర్యాదలో మొదటి మెట్టు. నాకు తెలిసి ఏ నీతి పాఠంలోనూ దీన్ని పిల్లలకు చెప్పడం లేదు.

అబద్ధం ఎందుకంత వేగంగా పోతుందో కూడా వాళ్ళకు తెలియాలి. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన వార్తలను అమెరికాలోని ఎమ్‌ఐటీ పరిశోధకులు పరిశీలించి, 2018లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నిజమైన వార్తకన్నా అబద్ధపు వార్తను జనం ఇతరులకు పంచే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. ఇదంతా కంప్యూటరు ప్రోగ్రాములు చేసే పనేమో అని వాటిని తీసేసి లెక్క చూసినా ఫలితం మారలేదు. పంచుతున్నది మనుషులే. కొత్తగా, వింతగా, కోపం తెప్పించేలా ఉన్నదాన్ని మన వేలు ఆపుకోలేదు. వాట్సాప్ 2019లో ఒక మెసేజీని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయడానికి వీల్లేకుండా ప్రపంచమంతటా పరిమితి పెట్టింది. మరుసటి ఏడాది, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన మెసేజీలకు ఆ పరిమితిని ఒక్క చాట్‌కు తగ్గించింది. యంత్రం పెట్టిన అడ్డు కొంత పనిచేస్తుంది. మనసులో ఉండాల్సిన అడ్డును పెట్టగలిగింది మాత్రం బడే.

ఈ మర్యాదలు కొత్తగా కనిపెట్టాల్సిన పనేమీ లేదు. ఇంటర్నెట్ ఇంకా కొద్దిమంది చేతుల్లోనే ఉన్న 1995లో, దాని సాంకేతిక ప్రమాణాలు రూపొందించేవాళ్ళే ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే ఒక పత్రం విడుదల చేశారు. అందులోని సూచనలు ఇవాళ చదివినా కొత్తగా ఉంటాయి. కోపం వచ్చినప్పుడు రాసిన జవాబును ఒక రాత్రి ఆగి పంపమంటుంది. గొలుసు ఉత్తరాలు ఎన్నడూ పంపవద్దంటుంది. ఇతరులు రాసినదాన్ని మళ్ళీ పంపేటప్పుడు మాటలు మార్చవద్దని, నీకు ఒక్కడికే రాసినదాన్ని గుంపులో పెట్టే ముందు రాసినవాళ్ళ అనుమతి అడగమని, కుదించినా సరే ఎవరు రాశారో చెప్పమని అంటుంది. స్క్రీన్‌షాట్ల రోగం పుట్టకముందే దానికి మందు రాసిపెట్టారు.

‘ఎవరు రాశారో చెప్పండి’ అన్నదాని దగ్గర కాసేపు ఆగుతాను. ఒక మనిషి ఏళ్ళ తరబడి చదివి, తిరిగి, ఒక వ్యాసం రాస్తారు. వారం తిరక్కుండానే పైన పేరు ఎగిరిపోయి, కింద ‘సేకరణ’ అని చేరి, అది ఊరంతా తిరుగుతుంది. తన వ్యాసం తనకే ఫార్వర్డ్‌గా వస్తే ఆ మనిషికి ఎలా ఉంటుందో ఊహించండి. పంపినవాళ్ళను అడిగితే ‘నెట్‌లో ఉంది కదండీ, అందరిదీ’ అంటారు. నెట్‌లో ఉన్నంత మాత్రాన అందరిదీ అయిపోదు. రాతకు, ఫొటోకు, బొమ్మకు కాపీరైట్ ఉంటుంది. వాడుకోండి అని రచయితలే అనుమతిచ్చిన సందర్భాలూ బోలెడున్నాయి. 2002లో వచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు అందుకే. వికీపీడియా వ్యాసాలూ అలాంటి లైసెన్సు కిందే ఉన్నాయి. అక్కడ కూడా పేరు చెప్పడం తప్పనిసరి. డబ్బు అడగని మనిషి అడిగింది ఆ ఒక్కటే, దాన్నీ ఎగ్గొడితే ఎలా?

పిల్లలు కాపీ కొట్టారని మనం కోప్పడతాం. కానీ కాపీకి, ఉటంకింపుకు తేడా ఏమిటో ఎంతమందికి కూర్చోబెట్టి చెప్పాం? ఇతరుల వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి పేరు రాయవచ్చని, సొంత మాటల్లో రాసుకున్నా ఆలోచన ఎవరిదో చెప్పాలని, అలా చెప్పడం వల్ల మార్కులు తగ్గవు, పెరుగుతాయని? నా దగ్గరికి వచ్చే విద్యార్థుల్లో చాలామందికి ఆధారం చూపిస్తే దొరికిపోతామన్న భయం ఉంది. ఆ భయం వాళ్ళకు పుట్టుకతో రాలేదు.

ఇప్పుడు చాట్‌జీపీటీలాంటివి వచ్చాయి. వాటిని వాడొద్దని మీరు చెప్పినా వాడతారు. దానికన్నా ఒక సంగతి చెప్పండి. 2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద వేసిన దావాలో లాయర్లు పాత తీర్పులు కొన్ని ఉదహరిస్తూ కోర్టుకు పత్రం సమర్పించారు. ఆ తీర్పుల్లో ఆరు అసలు లేనే లేవు. చాట్‌జీపీటీ వాటిని కల్పించింది. ఇవి నిజమేనా అని దాన్నే అడిగితే నిజమేనంది. జడ్జి ఆ లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఏఐ ఇచ్చిన పుస్తకం పేరు, పేజీ నంబరు, లింకు చూడ్డానికి ఎంత నికార్సుగా కనిపించినా, ఆ పుస్తకం ఉందా, ఆ పేజీలో ఆ మాట ఉందా అని కళ్ళతో చూసుకునే దాకా అది ఆధారం కాదు. లాయర్లే బోల్తాపడ్డ చోట పదిహేనేళ్ళ పిల్లలను ఒంటరిగా వదిలేయకండి.

మీతో మరొక మాట చెప్పాలి, చనువు తీసుకుంటున్నందుకు మన్నించండి. పిల్లలు మన పాఠం కన్నా మన ఫోన్‌ను ఎక్కువ గమనిస్తారు. క్లాసు గ్రూపులో టీచరు పంపిన ఆరోగ్య చిట్కాకో, మహానుభావుడి సూక్తికో కింద ఒక విద్యార్థి ‘మేడమ్, ఇది ఆయన అన్నది కాదట’ అని పెడితే మనం ఏం చేస్తాం? ఆ పిల్లను తర్వాత పిలిచి మందలిస్తే, ఆధారం అడగడం పొగరు అని తరగతి మొత్తానికి చెప్పినట్టే. ‘చూసి చెప్తానమ్మా’ అని, చూసి, తప్పయితే అదే గ్రూపులో సరిదిద్దితే దానికన్నా గొప్ప పాఠం ఉండదు. ఎక్కడ చెప్పామో అక్కడే సరిదిద్దాలి. మొదటి మెసేజీని గప్‌చుప్‌గా డిలీట్ చేసి ఊరుకుంటే, అప్పటికే దాన్ని ముందుకు పంపినవాళ్ళకు సంగతి తెలియదు.

అడిగే పద్ధతి కూడా నేర్పాలి. ‘అబద్ధాలు పంపకండి’ అని గ్రూపులో అందరి ముందూ గద్దిస్తే పెద్దవాళ్ళు ఒప్పుకోరు, మొండికేస్తారు. ‘ఇది మీకు ఎక్కడ దొరికిందో చెబుతారా, పూర్తిగా చదవాలనుంది’ అని విడిగా అడిగితే చాలామంది వెనక్కి వెళ్ళి వెతుకుతారు. కొందరికి దొరకదు. దొరకలేదన్న సంగతి వాళ్ళకే తెలుస్తుంది, మనం చెప్పక్కర్లేదు. అయితే ఎవరి పరువుకో ప్రాణానికో ముప్పు తెచ్చే మెసేజీ అయితే విడిగా అడుగుతూ కూర్చోకూడదు. అక్కడే, అందరికీ కనిపించేలా, ఆధారం చూపించి తప్పని చెప్పాలి. తిట్టకుండా చెప్పాలి. తప్పు చెప్పిన మనిషిని తిడితే చర్చ ఆ తిట్టు మీదికి పోతుంది, అబద్ధం అలాగే ఉండిపోతుంది.

నేను అడుగుతున్నది ఇదీ. మీరు ఇచ్చే వచ్చే ప్రాజెక్టులో పది మార్కులుంటే రెండు ఆఖరి పేజీకి కేటాయించండి. రచయిత పేరు, శీర్షిక, ప్రచురించిన సంస్థ, తేదీ, పూర్తి లింకు, తాను చూసిన రోజు రాయమనండి. చూసిన రోజు ఎందుకంటే పేజీలు మాయమవుతుంటాయి. 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్ళకు తెరుచుకోవడం లేదని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2024లో తేల్చింది. పోయిన పేజీ కోసం, పాత వెబ్‌పేజీల నకళ్ళు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో వెతకవచ్చని కూడా చెప్పండి, దొరికితే పిల్లలు సంబరపడతారు. అన్ని ఫైళ్ళూ పరిశీలించే తీరిక మీకు ఉండదు. ఏవో మూడు ఫైళ్ళు తీసి, ఒక్కో లింకు తెరిచి, అక్కడ నిజంగా ఆ మాట ఉందో లేదో తరగతి ముందే చూడండి. వెతికినా ఆధారం దొరకలేదని నిజాయితీగా రాసిన పిల్లలకు మార్కులు కొయ్యకండి.

యాజమాన్యాలను అడిగేది ఒక్కటే: దీనికి ఏడాదిలో ఒక్క పీరియడైనా టైంటేబుల్లో పెట్టండి. కంప్యూటరు క్లాసులోనే పెట్టాలని లేదు. భాష, చరిత్ర, సైన్స్ టీచర్లు ఎవరైనా చెప్పగలిగిందే.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మీ దగ్గర్లో ఉన్న లైబ్రరీకి తరగతిని తీసుకెళ్ళండి. మూలం వెతికిపెట్టడం మా వృత్తి. ముందు రోజు ఫోన్ చేసి చెబితే కంప్యూటర్లు ఖాళీగా ఉంచుతాం. వాళ్ళ ఫోన్లకు ఈమధ్య వచ్చిన ఫార్వర్డ్‌లు రెండు మూడు రాసుకుని రమ్మనండి, వాటితోనే మొదలుపెడదాం.

గౌరవంతో,
ఒక లైబ్రేరియన్